యానాం ఓటు, వైట్ టౌన్ కుర్చీ

పుదుచ్చేరి వైట్ టౌన్‌లో పొద్దున నడక మొదలుపెడితే పావుగంటలో మూడు ప్రభుత్వాలు తగులుతాయి. భారతీ పార్కు ఒక పక్కన లెఫ్టినెంట్ గవర్నర్ భవనం. అక్కడికి దగ్గర్లోనే విక్తర్ సిమొనెల్ వీధిలో శాసనసభ. సముద్రం వైపు నాలుగడుగులు వేస్తే ఫ్రెంచి కాన్సులేట్. మొదటిది ఢిల్లీ మాట వింటుంది, రెండోది ఓటరు మాట వినాలి, మూడోది పారిస్ మాట వింటుంది. ఈ మూడింటి మధ్యనున్న వీధుల్లో పసుపు గోడలను, కాగితపుపూల తీగలను ఫొటోలు తీసుకునే పర్యాటకులకు ఈ సంగతులతో పనిలేదు.

తెలుగువాళ్లకు మాత్రం పని ఉంది. ఆ శాసనసభలో ప్రజలు ఎన్నుకునే 30 స్థానాల్లో ఒకటి తెలుగు స్థానం. దాని పేరు యానాం. నియోజకవర్గానికీ రాజధానికీ మధ్య దూరం దాదాపు 870 కిలోమీటర్లు. అమరావతికి యానాం నుంచి మూడు వందల కిలోమీటర్లు కూడా లేదు. కాకినాడకైతే 26 కిలోమీటర్లే. కానీ యానాం ఓటరు తన సమస్య చెప్పుకోవాలంటే ఆ రెండు ఊళ్లూ పనికిరావు. చెన్నై దాటి రావలసిందే.

ఆమధ్య శాసనసభ గేటు బయట కాగితాల సంచీ చంకన పెట్టుకుని నిలబడ్డ ఒక పెద్దాయన కనిపించారు. పలకరిస్తే గోదావరి యాస. ‘‘ఏ ఊరండీ?’’ అంటే, ‘‘యానాం అండి. ఆయ్, పింఛను కాయితం గురించొచ్చానండి’’ అన్నారు. లోపల ఎవరినైనా కలిశారా అని అడిగితే నవ్వారు. ‘‘కలిశానండి. ఆయన అరవం, నాది తెలుగు. మధ్యలో ఇంగ్లీషు కాయితం. ముగ్గురం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం.’’

ఆ నవ్వు వెనకున్న భూగోళం, ఓట్ల చరిత్ర తెలుసుకోదగ్గవి.

ముందు భూగోళం

అమెరికాలో ప్రతి పదేళ్లకోసారి జనాభా లెక్కలయ్యాక కాంగ్రెస్ నియోజకవర్గాల సరిహద్దులు తిరగరాస్తారు. ఏ శివారు కాలనీ ఏ నియోజకవర్గంలోకి వెళుతుందన్న దాని మీద కోర్టుల్లో ఏళ్ల తరబడి వాదనలు నడుస్తాయి. గీత ఎన్ని వంకర్లు తిరిగినా ఒక నియోజకవర్గం ఒకే తునకగా ఉండాలన్నది అక్కడ సాధారణంగా పాటించే నియమం. మన 2002 డీలిమిటేషన్ చట్టం 9వ సెక్షన్ కూడా వీలైనంతవరకు నియోజకవర్గం భౌగోళికంగా ఒక్కచోట ఒద్దికగా ఉండాలనే అంటుంది.

పుదుచ్చేరి లోక్‌సభ స్థానం ఆ ఒక్క మాట మీదే బతుకుతోంది: ‘వీలైనంతవరకు’. ఒకే ఎంపీ. ఆయన ఓటర్లు మూడు రాష్ట్రాల మధ్య, రెండు సముద్రాల ఒడ్డున చెల్లాచెదురుగా ఉన్నారు. పుదుచ్చేరి, కారైకాల్ తమిళనాడు తీరంలో, మాహె కేరళ తీరంలో, యానాం గోదావరి గట్టున. పుదుచ్చేరి ప్రాంతమే ఒక్క ముక్క కాదు. మధ్యమధ్యలో తమిళనాడు ఊళ్లు దూరిన అతుకుల బొంత.

యానాం ఆ బొంతలోంచి దూరంగా ఎగిరిపడ్డ పీలిక. విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లు. గౌతమీ గోదావరి నుంచి కోరంగి పాయ విడిపోయే చోట ఉంది. ఒకప్పుడు దీని చుట్టూ ఒకటే తూర్పు గోదావరి జిల్లా. 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలను విడగొట్టాక ఇటు కాకినాడ జిల్లా, అటు నది దాటితే కోనసీమ. ఫరంపేట, కనకాలపేట, మెట్టకూరు, అడవిపొలం, కురసంపేట, సముద్రం వైపు దరియాలతిప్ప - పేర్లు చూస్తే పక్క ఊళ్లకూ వీటికీ తేడా తెలియదు. ఎదుర్లంక వైపు బాలయోగి వారధి ఎక్కితే రెండు నిమిషాల్లో రాష్ట్రం మారిపోతుంది. భాష మారదు, చేపల కూర రుచి మారదు. పెట్రోలు ధర, మద్యం ధర, రేషన్ కార్డు రంగు మారతాయి.

వరద మాత్రం సరిహద్దు చూడదు. ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు ఎత్తేది ఆంధ్రప్రదేశ్ అధికారులు. నీళ్లొచ్చేది యానాం వీధుల్లోకి. పరిహారం మంజూరు కావలసింది పుదుచ్చేరి నుంచి. 1996 నవంబరు తుపానులోనూ, 2022 జులై వరదలోనూ యానాం చూసింది ఈ మూడు ముక్కలాటే.

బుస్సీ దొర వదిలిపెట్టిన లెక్క

వైట్ టౌన్‌లోకి దారితీసే పాత వీధుల్లో ఒకదాని పేరు బుస్సీ వీధి. ఇప్పుడు లాల్ బహదూర్ శాస్త్రి వీధి అంటారు. ఆ బుస్సీ మనకు కొత్తవాడు కాదు. 1753లో నిజాం నుంచి ఉత్తర సర్కారులు పుచ్చుకున్నవాడు, 1757లో బొబ్బిలి కోట మీదికి ఫిరంగులు నడిపించినవాడు. దుబాసీ ఆనందరంగపిళ్ల డైరీలు రాసుకున్నదీ ఈ ఊళ్లోనే. ఆయన పేరు మీద కస్తూరి రంగకవి తెలుగులో ‘ఆనందరంగరాట్ఛందము’ రాశాడు. తెలుగు నేలకూ ఈ పట్నానికీ పద్దు ఆనాటిది.

ఫ్రెంచివాళ్లు యానాంలో మొదట దిగింది 1723లో. సర్కారులు చేజారినా ఈ చిన్న ముక్క మిగిలింది. మధ్యలో ఇంగ్లిషువాళ్లు పలుమార్లు పట్టుకున్నారు, చివరికి నెపోలియన్ యుద్ధాలు ముగిశాక 1816లో వదిలేశారు. చుట్టూ బ్రిటిష్ చట్టం, లోపల ఫ్రెంచి చట్టం. 1929లో శారదా చట్టం వచ్చాక చుట్టుపక్కల జిల్లాల నుంచి బాల్యవివాహాల కోసం పెళ్లి బృందాలు యానాంకు కట్టిన బారులు ఎంతటివంటే, ఊరికి కల్యాణపురం అన్న పేరు కూడా వచ్చింది. సరిహద్దు అంటే లాభం అని యానాం అప్పుడే నేర్చుకుంది.

ఓటు కూడా అప్పుడే నేర్చుకుంది. ఫ్రెంచి ఇండియా 1870ల నుంచి పారిస్ పార్లమెంటుకు ఒక ప్రతినిధిని పంపేది. మద్రాసు ప్రెసిడెన్సీలో సామాన్యుడికి ఓటు అంటే ఏమిటో తెలియని రోజులవి. అయితే ఆ ఎన్నికలు ఆదర్శమేమీ కాదు. జాబితాల మాయ, కర్రల పెత్తనం అన్నీ ఉండేవి. 1946లో ఏర్పడ్డ ఫ్రెంచి ఇండియా ప్రతినిధుల సభలో 44 స్థానాలుంటే పుదుచ్చేరికి 22, కారైకాల్‌కు 12, చందర్‌నగర్‌కు 5, మాహెకు 3, యానాంకు 2. ఆనాటికి చట్టసభలో యానాంకు ఇద్దరు ప్రతినిధులు!

తర్వాతి కథ వేగంగా నడిచింది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో యానాం ఫ్రెంచి జెండా దించేసింది. అదే ఏడాది అక్టోబరు 18న కీళూరులో పుదుచ్చేరి, కారైకాల్ ప్రతినిధులు 178 మంది సమావేశమై 170-8 తేడాతో భారత్‌లో చేరాలని తేల్చారు. అప్పటికే బయటపడ్డ యానాం, మాహెల వాళ్లు ఆ ఓటింగులో లేరు. నవంబరు 1న పాలన చేతులు మారింది. 1956లో ఒప్పందం, 1962 ఆగస్టు 16న చట్టబద్ధ విలీనం, 1963లో కేంద్రపాలిత ప్రాంత శాసనసభ.

ఆ ఒప్పందంలో ఒక మాట ఉంది. ఈ ప్రాంతాల ప్రత్యేక హోదాలో మార్పు చేయాలంటే ముందు అక్కడి ప్రజల అభిప్రాయం తెలుసుకోవాలి. 1979లో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వ హయాంలో పుదుచ్చేరిని తమిళనాడులో కలుపుతారన్న మాట వచ్చేసరికి ఊరు ఊరంతా వీధిలోకి వచ్చింది. అప్పటి నుంచి విలీనం ఊసెత్తడానికి ఏ పార్టీ ధైర్యం చేయలేదు. యానాంను ఆంధ్రలో కలిపేస్తే పోలేదా అని హైదరాబాదు, విజయవాడల్లో కూర్చుని అనుకోవడం తేలిక. ముప్ఫై మందిలో ఒకరుగా ఉండే ఎమ్మెల్యే కావాలా, నూటడెబ్భై అయిదు మంది సభలో ఒక మండలంగా మిగలడం కావాలా అని యానాం ఓటరును అడిగితే జవాబు ఏమిటో ఊహించవచ్చు.

ముప్ఫైలో ఒకటి - సరిపోతుందా?

ఇప్పుడు కాస్త లెక్క చూద్దాం. 2001 జనాభా లెక్కల ప్రకారం యానాం జనం 31,394. మాహె జనం 36,828. అప్పట్లో మాహెకు రెండు అసెంబ్లీ స్థానాలు: మాహె, పళ్లూరు. యానాంకు ఒకటే. అంటే మాహెలో పద్దెనిమిది వేల చిల్లర మందికి ఒక ఎమ్మెల్యే, యానాంలో ముప్ఫై ఒక్క వేల మందికి ఒక ఎమ్మెల్యే.

2008లో అమల్లోకి వచ్చిన పునర్విభజన దీన్ని సరిదిద్దింది. మాహెకు ఒక సీటు తగ్గించి ఒకటే ఉంచారు, కారైకాల్‌కు ఆరు నుంచి అయిదు చేశారు, పుదుచ్చేరి ప్రాంతానికి 21 నుంచి 23 పెంచారు. యానాంను ముట్టుకోలేదు. కారణం సబబుగానే ఉంది. 2001లో కేంద్రపాలిత ప్రాంతం మొత్తం జనాభాను 30తో భాగిస్తే సీటుకు 32,500 దరిదాపు. యానాం సరిగ్గా ఆ గీత దగ్గరే ఉంది.

కానీ జనాభా లెక్క ఆగినా జనం ఆగరు. 2011 వచ్చేసరికి యానాం 55,626కు చేరింది. పదేళ్లలో 77 శాతం పెరుగుదల. మొత్తం పుదుచ్చేరి 12,47,953 మంది, సీటుకు సగటు 41,598. మాహె 41,816తో సగటు దగ్గరే నిలబడితే, యానాం సగటు కంటే మూడోవంతు ఎక్కువ బరువు మోస్తోంది. ఇంకోలా చెప్పాలంటే యానాంలో నలుగురి మాట ఇతర చోట్ల ముగ్గురి మాటతో సమానం.

ఇదే సభలో ఓటరన్నవాడే లేని స్థానాలు మూడున్నాయి. కేంద్రం నామినేట్ చేసే సభ్యులు వాళ్లు. 2017లో కేంద్రం ముగ్గురు బీజేపీ వారిని నామినేట్ చేస్తే, ఆ వివాదం సుప్రీంకోర్టుకు ఎక్కింది. కోర్టుకు వెళ్లినవారిలో అప్పటి రాజ్‌భవన్ ఎమ్మెల్యే, కాంగ్రెస్ నాయకుడు కె. లక్ష్మీనారాయణన్ ఒకరు. రాజ్‌భవన్ అంటే ఈ వైట్ టౌన్ ఉన్న నియోజకవర్గమే. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు నామినేషన్లు చెల్లుతాయని, ఆ సభ్యులు సభలో ఓటు కూడా వేయవచ్చని తేల్చింది. యాభై అయిదు వేల మంది పంపిన ఒక్క సభ్యుడికీ, ఏ ఒక్కరూ ఓటేయని మరో సభ్యుడికీ సభలో ఒకటే విలువ. ఇది చట్టబద్ధమే. న్యాయమా అన్నది వేరే ప్రశ్న.

పార్టీ కాదు, మనిషి

యానాం ఓటు చరిత్రను పార్టీల కొలబద్దతో కొలిస్తే ఏమీ అర్థం కాదు. ఇక్కడ ద్రవిడ గాలి వీచదు. తెలుగుదేశం, వైకాపా ప్రభంజనాలు సరిహద్దు దగ్గరే ఆగిపోతాయి. 1960ల నుంచి 1980ల చివరి దాకా యానాం రాజకీయం అంటే కామిశెట్టి పరశురామ వరప్రసాదరావు నాయుడు. పార్టీ గుర్తు ఉన్నా, లేకపోయినా జనం ఆయనకే ఓటేశారు. పుదుచ్చేరి శాసనసభ స్పీకర్ కుర్చీలో ఒక తెలుగువాడు కూర్చున్నది కూడా ఆయన రూపంలోనే.

ఆయన తర్వాత కొద్దికాలం ఊగిసలాట. 1996లో మల్లాడి కృష్ణారావు స్వతంత్ర అభ్యర్థిగా గెలిచారు. తర్వాత కాంగ్రెస్‌లో చేరారు. 2016 దాకా వరసగా అయిదుసార్లు గెలిచి, ఆ ఏడాది నారాయణస్వామి ప్రభుత్వంలో ఆరోగ్య మంత్రి అయ్యారు. అంటే సుమారు అరవై ఏళ్ల చరిత్రలో ఇద్దరు మనుషులే దాదాపు యాభై ఏళ్లు యానాంకు ప్రాతినిధ్యం వహించారు.

దీన్ని వ్యక్తిపూజ అని కొట్టిపారేయడం తొందరపాటు. ఓటరు లెక్క స్పష్టంగా ఉంది. రాజధాని దూరం. సభలో భాష వేరు. అధికార భాషల చట్టం యానాంలో తెలుగు వాడకానికి చోటిచ్చినా, ఫైలు కదిలేది తమిళం, ఇంగ్లిషుల్లోనే. ఉన్నది ఒకే సీటు. కాబట్టి అక్కడికి వెళ్లినవాడు ఏ ప్రభుత్వం వచ్చినా లోపలికి వెళ్లి పని చేయించుకురాగలగాలి. ఆ పనికి పార్టీ కండువా ఒక్కోసారి అడ్డం. పుదుచ్చేరిలో ప్రభుత్వాలు ఒకటి రెండు సీట్ల తేడాతో నిలిచి పడిపోతాయి గనక, ఒంటరి ఎమ్మెల్యేకు బేరమాడే శక్తి దానంతటదే వస్తుంది. యానాం ఆ శక్తిని తెలివిగా వాడుకుంది.

655 ఓట్ల పాఠం

2021 ఫిబ్రవరిలో ఆ శక్తి ఎంతటిదో అందరూ చూశారు. కాంగ్రెస్ ఎమ్మెల్యేలు ఒక్కొక్కరే రాజీనామా చేశారు. ఆ వరసలో యానాం మల్లాడి ఉన్నారు, వైట్ టౌన్ లక్ష్మీనారాయణన్ ఉన్నారు. నామినేషన్ల మీద కోర్టుకెక్కిన మనిషే చివరికి తన ప్రభుత్వం కూలడంలో ఒక చెయ్యి వేశారు. ఫిబ్రవరి 22న నారాయణస్వామి ప్రభుత్వం పడిపోయింది.

ఏప్రిల్‌లో ఎన్నికలు. ఎన్.ఆర్. కాంగ్రెస్ అధినేత, ముఖ్యమంత్రి పదవికి అందరికంటే ముందున్న ఎన్. రంగస్వామి తట్టాంచావడితో పాటు యానాంలో కూడా నిలబడ్డారు. మల్లాడి మద్దతు ఆయనకే. కాగితం మీద చూస్తే యానాంకు ఇంతకంటే అదృష్టం ఏముంటుంది? ఎమ్మెల్యే ఏకంగా ముఖ్యమంత్రి! పాతికేళ్లు గెలిచిన నాయకుడు వెనక ఉన్నారు. ఎదుట గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్ అనే స్వతంత్ర అభ్యర్థి.

వంద మంది ఓటర్లలో తొంభై మందికి పైగా ఓటేశారు. మే 2న పెట్టెలు తెరిస్తే అశోక్ 655 ఓట్లతో గెలిచారు. రంగస్వామి తట్టాంచావడిలో గెలిచి మే 7న ముఖ్యమంత్రి అయ్యారు. రాజ్‌భవన్‌లో లక్ష్మీనారాయణన్ కండువా మార్చుకుని మళ్లీ గెలిచారు, మంత్రి కూడా అయ్యారు. వైట్ టౌన్ ఓటరు సర్దుకుపోయాడు. యానాం ఓటరు సర్దుకుపోలేదు.

ఎందుకు? డబ్బు, కులం, కోపం - అన్ని కారణాలూ చెప్పారు. వాటన్నిటికీ కొంత వాటా ఉండే ఉంటుంది. నాకు మాత్రం భూగోళమే పెద్ద కారణంగా కనిపిస్తుంది. రెండు చోట్లా గెలిచిన నాయకుడు ఒకటి వదులుకోవాలి. సొంతూరు పక్కనున్న సీటును వదిలి 870 కిలోమీటర్ల దూరంలోని సీటును ఎవరు ఉంచుకుంటారు? ఉంచుకున్నా, తెల్లారితే ఇంటి ముందు అరుగు మీద కనిపించే ఎమ్మెల్యే కావాలా, కాన్వాయ్‌లో వచ్చిపోయే ముఖ్యమంత్రి కావాలా? సగం మంది ఒకలా, సగం మంది ఇంకోలా జవాబిచ్చారు. తేడా 655. అంత తక్కువ తేడా అంటే ఓటరు గందరగోళపడ్డాడని కాదు. ప్రశ్న నిజంగానే కష్టమైనదని.

దూరపు ఓటరు మరొకడు

వైట్ టౌన్‌లోనే ఈ ప్రశ్నకు ఇంకో రూపం ఉంది. 1962లో ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకున్నవాళ్ల కుటుంబాలు కొన్ని వేల మంది ఇప్పటికీ పుదుచ్చేరిలో ఉన్నారు. చాలామంది ఇంట్లో తమిళం మాట్లాడతారు, పారిస్‌కు ఓటేస్తారు. విదేశాల్లోని ఫ్రెంచి పౌరుల కోసం 2012లో తొలిసారి 11 పార్లమెంటు స్థానాలకు ఎన్నికలు జరిగాయి. పుదుచ్చేరి ఉన్నది పదకొండోదానిలో. అది రష్యా నుంచి ఆస్ట్రేలియా దాకా పరుచుకున్న నియోజకవర్గం. ఆ ఎంపీ తన ఓటర్లందరినీ ఒకసారి పలకరించి రావాలంటే పదవీకాలం చాలదు.

దాని పక్కన పెట్టి చూస్తే యానాం దూరం దూరమే కాదు. కానీ తేడా ఒకటుంది. దూమా వీధిలోని ఫ్రెంచి ఓటరుకు పారిస్ ప్రతినిధి అవసరం ఎప్పుడో ఒకసారి, పింఛనుకో పాస్‌పోర్టుకో. అతని వీధి దీపం పారిస్ చేతిలో లేదు. యానాం మనిషి వీధి దీపం, కాలువ, రేషన్, ఆస్పత్రి మందులు అన్నీ ఆ 870 కిలోమీటర్ల తాడు చివరే వేలాడుతున్నాయి.

అసలు లోటు ఇక్కడే. ఇంటి ముందు సమస్య తీర్చాల్సింది మునిసిపాలిటీ. పుదుచ్చేరిలో స్థానిక ఎన్నికలు 1968లో జరిగాయి. మళ్లీ జరిగింది 2006లో. మధ్యలో 38 ఏళ్లు. ఆ సంస్థల గడువు 2011లో ముగిసింది. ఆ తర్వాత పదేళ్లు దాటినా ఎన్నికలు లేవు. కౌన్సిలర్ లేడు, చైర్మన్ లేడు. ఉన్నది పుదుచ్చేరి నియమించే ప్రాంతీయ పరిపాలనాధికారి, ప్రజలు ఎన్నుకున్న ఒకే ఒక్క ఎమ్మెల్యే. అందుకే ఆ ఎమ్మెల్యే చుట్టూ ఊరంతా తిరుగుతుంది. ఆయన గెలిస్తే అన్నీ ఆయనే, అలిగితే అన్నీ బంద్. రీజెన్సీ సిరామిక్స్ కర్మాగారంలో 2012 జనవరిలో జరిగిన హింస తర్వాత అది మూతపడినప్పుడు, ఉపాధి పోయిన కుటుంబాలు మొర పెట్టుకోవడానికి ఊళ్లో ఎన్నికైన రెండో గడప లేకపోయింది.

యానాంకు రెండో ఎమ్మెల్యే కావాలని అడగవచ్చు. చట్టం 30 దగ్గరే గీత గీసింది, పైగా ఇంకోచోట తగ్గించాలి. మాహెకు ఒకసారి తగ్గించారు గనక ఆ గొడవ ఎలా ఉంటుందో తెలుసు. అంతకంటే దగ్గరి దారి మునిసిపల్ ఎన్నికలు. వాటికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. రాజ్యాంగం 1993 నుంచి అడుగుతున్నదే అది. వార్డు కౌన్సిలర్‌ను కలవడానికి చెన్నై దాటనక్కర్లేదు. ఆయనకు తెలుగు కూడా వచ్చి ఉంటుంది.

శాసనసభ గేటు దగ్గర ఆ పెద్దాయన వెళ్లిపోతూ ఒక మాట అడిగారు. ‘‘బాబూ, ఈ కాయితం మళ్లీ ఎవరికివ్వాలంటారు?’’ నేను కొందరి పేర్లు చెప్పాను. ఆయన విని, కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నారు. ‘‘సరేనండి. ఇవన్నీ ఇక్కడి పేర్లే. మా ఊళ్లో ఒక్కడు లేడా అని...’’

రాత్రి బండికి ఆయన చెన్నై వెళ్లారు. మర్నాటికి గాని గోదావరి కనిపించదు.